బొగ్గు బండి

బంతి సల్లగుంటె ఎగరది.
ఆటకు ముందు ఇద్దరాడివిల్లలు
దాన్ని గోడకు గొట్టి గొట్టి ఉడుకు జేస్తరు,
సలికాలం పొద్దుగాల అరిచేతులు రాసుకున్నట్టు,
ఒకరి మొకం ఒకరు సూడకుంట.
నేను తలుపు పక్క నిలవడ్త,
గుడ్డ భుజాన, బకీటు కాళ్లకాడ.

కాజిపేట రైల్వే హాల్ల
ఆడోళ్ల అంతర్జాతీయ స్క్వాష్ పోటీలు.
బ్యానరు మీద పదకొండు దేశాల జెండాలు.
నా పని గోడ.
మ్యాచికి మ్యాచికి నడుమ బంతి అచ్చులు తుడ్వాలె,
చెమట రాలిన కాడ చెక్క నేల ఒత్తాలె.
రోజుకు నాలుగు వందల యాభై, చాయ్ వాళ్లదే.

మూడు రోజులల్ల నాకు గోడ సదువుడొచ్చింది.
నెర్మీన్ ఆడిపోయినంక అచ్చులన్నీ
ఎడమ దిక్కు ఒకటే వరస,
దర్జీ సుద్దతోని గీసినట్టు.
మన నవతవి మాత్రం
ఎవలో గుప్పెడు మినుములు ఇసిరిగొట్టినట్టు.

నవతోళ్లది పట్టాల ఎన్క గల్లి.
నాయిన డీజిల్ షెడ్డుల ఫిట్టరు.
ఇరిగిన రాకెట్‌కు టేపు సుట్టి
ఈ హాల్లనే నేర్సుకున్నది.
ఊరి పిల్ల అని ఒక్క సీటిచ్చిన్రు,
మొదటి రోజే నెర్మీన్ ఎదురువడ్డది.

మొదటాట పదకొండు మూడు.
రెండోది పదకొండు నాలుగు.
కుర్చీలల్ల కూసున్న క్వార్టర్ల ఆడోళ్లు
సప్పట్లు ఆపి, రేపటి కూర సంగతికొచ్చిన్రు.
మూడోదాంట్ల ఎనిమిది రెండు కాడ
బొగ్గు బండొచ్చింది.

సిగ్నల్ దొరకనట్టుంది, మెల్లగ, మా మెల్లగ,
యాభై ఎనిమిది డబ్బాలు.
కిటికీ అద్దాలు గొణిగినయ్, బకీట్ల నీళ్లు వణికినయ్.
నెర్మీన్ సర్వీసు ఆపి మార్కర్ సారు దిక్కు సూసింది.
సారేం జేస్తడు, బండిని ఆపుతడా? ఆడుమన్నడు.

అప్పుడెరుకైంది నాకు:
ఆ పిల్ల చెవులతోని ఆడ్తది.
ఎన్కకెళ్లొచ్చే బంతిని సూడది, ఇంటది.
తీగల మీద పుట్టిన చప్పుడు వట్టి
కాలెటు వెయ్యాల్నో లెక్క గడ్తది.
ఇప్పుడా లెక్క మీదికెళ్లి బొగ్గు పోతున్నది.

నవతకేమో అది అసలు చప్పుడే కాదు.
ఆ మోతలనే పాలు తాగింది,
ఆ మోతలనే ఎక్కాలు సదివింది,
అమ్మ మాట ఇనాల్నంటె పెదవులు సూసుడు అలవాటైన పిల్ల.
మూడు. నాలుగు. ఐదు.
ముందటి మూలల, రేకుకు వేలెడంత పైన
మెత్తగ ఒకటి వెట్టింది,
నిద్రవోయిన పిల్లను పండవెట్టినట్టు.
ఆరు. ఏడు.
కూర ముచ్చట బందయింది.
ఎనిమిది.
తొమ్మిది!

గార్డు డబ్బా పోయింది.

నెర్మీన్ బూటు కిర్రుమనుడు నాకినవడ్డది.
ఆమెకు అన్నీ ఇనవడ్డయ్.
తొమ్మిది తొమ్మిది.
పది.
పదకొండు.

చేతులు కలుపుకున్నంక
నవత గోడకొరిగి కూసున్నది, అంగీ అంచు పిండుకుంట.
"స్వరూపక్కా, గిప్పుడు ఇంకో బండుండాలె గదా?"
"ఉండె బిడ్డా. పద్నాలుగు నిమిషాలు లేటు."
నవ్విందో ఏడ్సిందో, తువ్వాల అడ్డమున్నది.

అందరు పోయిన్రు. లైట్లు సగం తీసేసిన్రు.
మినుములన్నీ తుడ్సుకుంట తుడ్సుకుంట
ముందటి మూలకొచ్చిన.
రేకుకు వేలెడంత పైన గోరంత మరక.
ఉంచుదామనుకున్న. రేపు పొద్దుగాల సూపర్‌వైజర్ సూస్తె
నా నాలుగు వందల యాభై కోస్తడు.
తడిగుడ్డ ఒక్కసారికే పోయింది.

అప్పుడొచ్చింది, ఆ రెండో బండి.
బకీట్ల నీళ్లు మళ్ల వణికినయ్.
ఇంతసేపు ఏడ సచ్చినవే అని
గుడ్డ నేలకేసి కొట్టి గట్టిగనే తిట్టిన.
నా తిట్టు నాకే ఇనవడలే.