వారాసిగూడలో ఉప్పురొట్టె

నల్లా వచ్చేది రోజు విడిచి రోజు, నాలుగింటికి.
బిందెలు నిండేలోగా పిండి కలుపుతాను.
నానాయ్ రోసింగ్ కొలత పాలడబ్బా.
ఆ డబ్బా ఇక్కడ దొరక్క
అమ్మ బియ్యం కొలిచే సోలతో సర్దుకున్నాను.
మొదటిసారి వచ్చినవి రొట్టెలు కావు.
గాలికి తలుపు కొట్టుకోకుండా
అమ్మ ఒకదాన్ని అడ్డం పెట్టింది.
ఇంకా అక్కడే ఉంది.

దావావ్‌లో ఐదున్నరేళ్లు.
మా గది కింద ఆమె వంటిల్లు.
అక్కడ నానాయ్ అంటే అమ్మ.
నేను ఫోన్లో "నాన్నా" అన్నప్పుడల్లా
కింద నుంచి "ఓయ్" అని పలికేది.
"ఎవరే, నా పిలుపుకి పలికేది?" అని
ఇటునుంచి మా నాన్న.

కండరాల పేర్లు మర్చిపోయాను గానీ
ఆమె మణికట్టు మర్చిపోలేదు.
పిండిని పాములా సాగదీసి
పాత రేకు ముక్కతో టకటకా తెంపి
తెగిన మొహం పైకి పెట్టి
రొట్టెపొడిలో దొర్లించి పడుకోబెట్టేది.
"కోత పైకే ఉండాలి, అక్కడే విచ్చుకుంటుంది."
డాక్టరు చదువుతున్నదాన్ని,
నాకు కోతల గురించి చెప్తావా అనేదాన్ని.

పొడికి ఇక్కడ రస్కులు దంచుతాను.
రస్కులు లేనిరోజు బొంబాయి రవ్వ.
తప్పే. నానాయ్‌కి చెప్పను.

పొంగడానికి వెచ్చని చోటు కావాలి.
జనవరిలో మా ఇంట్లో అలాంటి చోటు ఒక్కటే,
ఇన్వర్టర్ బ్యాటరీ పైన,
నా మార్కుల కాగితాలు దాచిన షెల్ఫు కింద.
మొదటిసారి నూట ముప్పై మూడు.
రెండోసారి నూట నలభై ఒకటి.
నూటయాభై వస్తే డాక్టరు.
రాకపోతే, మా మేనత్త పెట్టిన పేరు,
ఫారిన్ కంపౌండరు.

గంటంపావుకి గిన్నె అంచు దాకా వచ్చింది.
వేలితో పొడిచి చూస్తాను.
గుంట మెల్లగా పూడితే సరే.
వార్డులో వాచిన కాళ్లని ఇలాగే నొక్కేవాళ్లం,
గుంట అలాగే నిలిచిపోతే
ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

ఓటీజీ పెట్టినప్పుడు గీజరు వెయ్యకూడదు.
నాన్న మర్చిపోయి వేశాడు.
ఠప్.
చీకట్లో ఈస్టు వాసన ఒక్కటే,
కల్లు కాంపౌండు ముందు నుంచి నడిచినట్టు.
ముప్పై ఏళ్లు ఆర్టీసీలో
టికెట్లు చించిన బొటనవేలితో
నాన్న తడుముకుంటూ వెళ్లి స్విచ్చి లేపాడు.
ఎర్రగా వెలిగిన కడ్డీల ముందు
ఇద్దరం కూచున్నాం, మంట కాగుతున్నట్టు.
పరీక్ష సంగతి ఆయన అడగలేదు.
"ఎన్ని నిమిషాలే?" అన్నాడు.

నానాయ్ లెక్క ఇరవైనాలుగు.
సగం చెయ్యడం నాకు చాతకాదు,
ఒకే గుడ్డుని సగం ఎలా పగలగొట్టను?
మేం ముగ్గురం.
మిగిలినవి గల్లీకి పోతాయి:
పై వాటా ఎలిజబెత్ టీచరుకి నాలుగు,
ఆమె పిల్లికి ఒకటి, తినదని తెలిసీ,
ఇస్త్రీ యాదమ్మకి మూడు,
మూలమీది బేకరీ గఫూర్ సాబ్‌కి రెండు.

గఫూర్ సాబ్ విరిచాడు, వాసన చూశాడు,
చాయ్‌లో ముంచి కళ్లు మూసుకున్నాడు.
"నమక్ కమ్ హై బేటా."
దాని పేరే ఉప్పురొట్టె సాబ్, అన్నాను,
ఉప్పంతా పేరులోనే, నోట్లో తీపే.
మీసానికంటిన పొడి తుడుచుకుని
వచ్చీరాని తెలుగులో అన్నాడు:
"మా ఉస్మానియా బిస్కెట్ల ఉప్పుంటది.
పేరు జెప్పుకోదు."

అక్కడ తెల్లారగానే ఒక కుర్రాడు
సైకిలుకి రబ్బరు బూర కట్టుకుని
పోట్ పోట్ అని ఊదుతూ వచ్చేవాడు.
ఇక్కడ నేను బూర లేకుండా
చెప్పులీడ్చుకుంటూ తిరుగుతున్నాను,
అమ్మ పాత చున్నీలో మూట,
పొట్టకి వెచ్చగా.

యాదమ్మ బొగ్గుల పెట్టె మీద
రొట్టె పెట్టి మళ్లీ కాల్చుకుంటోంది.
నోటుబుక్కులో మా ఇంటి బట్టల లెక్క
డాక్టరమ్మ అనే రాసుకుంటుంది,
నేను పాసవుతానని కాదు,
మా ఇంటిపేరు రాయడం ఆమెకి రాదు.
"రేపు గూడ చేస్తవా?"
రేపు నల్లా రాదు, అన్నాను.
ఎల్లుండి పరీక్ష.

"అయితే నాలుగింటికే లేస్తవ్ గదా," అంది
పెట్టెలో బొగ్గులు ఊదుతూ.