పేరు తప్పు రాస్తేనే

జలుమూరు హైస్కూల్లో, సైన్సు గది వెనక,
యాసిడ్ మరకల బల్ల మీద
ఎవరో ఇచ్చేసిన పాత కంప్యూటర్.
స్విచ్చి వేస్తే ముందు పెంగ్విన్ బొమ్మ లేస్తుంది.
పిల్లలు దాన్ని నల్లబాతు అంటారు.
"బాతు లేచింది టీచరూ!" అని
తొమ్మిదో తరగతి దమయంతి
వరండా చివరిదాకా వినిపించేట్టు కేకేస్తుంది.

విండోస్ కొనే డబ్బు లేదు గనక లినక్స్.
లినక్స్ గనక, పై ఆఫీసు పంపిన సూచనల కాగితంలో
నాకు పనికొచ్చే వాక్యం ఒక్కటీ లేదు.
"ఇక్కడ నొక్కండి" అంటుంది కాగితం.
ఆ ఇక్కడ నా దగ్గర లేదు.

సరే, చేత్తోనే.
వచ్చే ఉత్తరాలకి ఒక గుమ్మం, తొమ్మిదొందల తొంభైమూడు.
పోయే ఉత్తరాలకి ఇంకోటి, ఐదొందల ఎనభైఏడు.
తిలారు స్టేషన్లో కూడా లేదు ఇంత ఏర్పాటు.

పాస్‌వర్డ్ తప్పు, అంది.
మళ్ళీ కొట్టాను. పెద్దక్షరమా చిన్నక్షరమా,
అది సున్నానా, ఓనా.
తప్పు.
పొద్దున మిగిలిన చోడిజావ గ్లాసులో తెచ్చి పెట్టి
"ఏటి టీచరూ, ఇంకా లోపలికి ఒగ్గలేదా?" అంది దమయంతి.
ఒగ్గలేదు.

చివరికి నల్ల కిటికీ తెరిచి అడిగాను.
అది మొహమాటం లేకుండా చెప్పింది:
ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు.

పద్దెనిమిదేళ్ళుగా
హాజరు పట్టీలో మొదటి సంతకం నాది.
ఎవరూ లేరట.

దమయంతి కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి
వేలు పెట్టి చదివింది.
"సీపానలో సీకి మీరు రెండు ఈలు కొడతన్నారు.
ఆళ్ళు ఒక్క ఐ ఎట్టేరు."

పదో తరగతి సర్టిఫికెట్ నుంచి జీతం బిల్లు దాకా
రెండు ఈలే.
ఒకటి కూడా వదులుకోవలసి వస్తుందనుకోలేదు,
రెండూ పోయాయి.
తప్పు కొట్టాను. తలుపు తెరుచుకుంది.

నలభై ఒక్క ఉత్తరాలు.
జూన్ నుంచి ఆ సిపాన నీలవేణి కోసం
అక్కడ కూర్చుని ఉన్నాయి, పాపం,
ఆవిడ ఎవరో నాకూ తెలీదు.
పదిహేడోది: మీ పాఠశాలకు పది కొత్త కంప్యూటర్లు,
వారంలోగా జవాబివ్వండి.
ఇరవై మూడోది: జవాబు రానందున
అవసరం లేదని భావించడమైనది.

భావించడమైనది.
బల్ల కింద ఫ్యాను గురక పెడుతోంది.
దూరంగా ఆగని రైలేదో తిలారు దాటింది.

"అయ్యా" అని మొదలుపెట్టి
సాయంత్రం బెల్లు కొట్టేదాకా రాశాను.
"కింద పేరు ఎవుల్ది ఎడతారు టీచరూ?"
నాదే. రెండు ఈలతో.
పైన చిరునామాలో మాత్రం ఆవిడే, ఒక్క ఐతో.
ఇద్దరం కలిసి పంపాం.

నిమిషం గడవకుండానే జవాబు!
దమయంతి కుర్చీ ఎక్కి మరీ చదివింది:
అధికారి సెలవులో ఉన్నారు.
ఇది దానంతటదే వచ్చిన ఉత్తరం.

చోడిజావ మీద మీగడ కట్టింది.
బయట ఎవరో గదులకి తాళాలు వేస్తున్నారు.
"బాతుని పడుకోబెట్టేదా టీచరూ?"

ఉండనీ, ఇంకాసేపు.