అర అంగుళం

ఆదోని పత్తి మార్కెట్టు వెనక సందులో నా మిషను.
ఒకరోజు పత్తిబండి మీద వచ్చినారు
ఉలిగి, ఉరుకుంది.
ఎనిమిదేళ్లుంటాయేమో.
టేపు యాడ మొదలుపెట్టాల్నో తెలీక
సుద్దముక్క వెతుకుతున్నట్టు నటించినా.

"కలిపి ఒకటే రాసుకోన్నా," అన్నాడు తండ్రి.
"ఊఁహూఁ," అంది ఉలిగి, "నా మెడ లావు."
నిజమే. అర అంగుళం.

పక్కలు అతుక్కున్న చోట కుట్టు తగలకూడదు.
అది నేర్చుకోడానికి నాకు మూడేళ్లు పట్టింది.
రంగు కాడ మాత్రం ప్రతి ఉగాదికీ కొట్లాటే.
ఒకతి అలిగి పోతే
ఎంత దూరం పోతాది పాపం,
మొగం తిప్పుకున్నంత.

బస్సులో కండక్టరు ఒకటిన్నర టికెట్టు కొట్టినాడంట.
ఆ అర ఎవరిదని
కోసిగి దాకా వాదులాడుకున్నారు.

పద్నాలుగో ఏట, మాఘంలో, ఉలిగికి జొరం.
కర్నూలు పెద్దాసుపత్రి.
తెల్లారుజామున పోయింది.
ఉరుకుంది ఏడవలేదు.
"ఈ పక్కంతా తిమ్మిరెక్కింది,
రవంత రుద్దుమా," అనింది తల్లితో.
కాసేపాగి,
"దానికి సలేస్తాంది, దుప్పటి కప్పు."
వేరు చేస్తామన్నారు డాక్టర్లు.
"అది లేసినాక అడగండి."

మధ్యాన్నం దాకా ఉండింది.
కాగితాలు రెండిచ్చినారు,
రెండు టైములు వేసి.
గుంత ఒకటే తవ్వినారు, వెడల్పుగా.

నా కొలతల బుక్కులో ఆ పేజీ అట్లే ఉంది.
ఉలిగి, మెడ పన్నెండున్నర.
ఉరుకుంది, పన్నెండు.
హుక్కులెయ్యని రైక కొయ్యకు వేలాడతాంది.
పచ్చది. ఉలిగి పంతం.
వచ్చే ఉగాదికి నీలమేనని
ఉరుకుందికి మాటిచ్చినా.