గీత పడనిది

హన్మకొండ చౌరస్తల
చెప్పుల దుకానం మెట్ల కింద
మూడడుగుల అద్దాల పెట్టె నాది.
మా నాయిన కూసున్న స్టూలు మీదనే కూసుంట.

నిన్న పొద్దుగూకే యాల్ల
కరీంనగర్ నుంచి సమ్మయ్య వచ్చిండు.
గ్రానైట్ ఫ్యాక్టరీ ఆసామి దగ్గర డ్రైవరు.
దస్తీల మూటగట్టి తెచ్చిండు,
దెబ్బ తాకిన పిట్టపిల్లను తెచ్చినట్టు.

విప్పితే నల్లటి గడియారం.
పింగాణి. మన చాయకప్పు పింగాణి గాదు,
పద్నాలుగు వందల డిగ్రీల కొలిమిల కాలి
ఉక్కు కన్న గట్టిపడ్డది.
చాకు కొనతోని గీస్తే
చాకే అరుగుతది.
అమ్మినోడు చెప్పిండట:
"మీ జన్మల గీత పడది సార్."

నిజమే, గీత పడలే.
మూడు ముక్కలైంది.

పాలిష్ మిషిన్ల కాడ నీళ్ళు చిమ్ముతయని
సారు తీసి చేతికిచ్చిండట, పట్టుకోరా అని.
(వంద మీటర్ల నీళ్ళల్ల మునిగినా
ఏంగానిదే అది.)
చెమట చెయ్యి. కింద నున్నటి బండ.
సారు బండే, సారు గడియారమే,
నడుమ జారింది మాత్రం సమ్మయ్య చెయ్యి.

అంగి జేబులకెళ్ళి కాగితం తీసిండు.
కంపెనోళ్ళ లెక్క.
అతకదు, సానబట్టరాదు,
కేసు మొత్తం మార్చాలె,
సముద్రం దాటి పోయి రావాలె, ఏడు నెలలు.
రెండు లక్షల నలభై వేలు, పన్ను అదనం.
మడత కాడ నలిగి
ఒక సున్న చెరిగిపోయింది.
చెరిగితే తగ్గుతదా.

"ఫెవిక్విక్ తోని అయితదా అన్నా?"

నేను నవ్వలే.
కంటికి భూతద్దం పెట్టిన.
లోపల నడుస్తనే ఉన్నది.
వెంట్రుక స్ప్రింగు సుత సిలికానే,
అయస్కాంతం గుంజదు, తుప్పు పట్టది.
లోహందైతే చిమ్టాతోని వంచి
ఊపిరి బిగబట్టి సరిజేస్త.
ముప్పై ఏండ్ల విద్య అది.
దీన్ని వంచితే చిట్లుతది.
సరిజేసుడు లేదు,
తీసి పారేసి కొత్తది ఏసుడే.

"టైం సక్కగనే చూపిస్తుంది గదనే,
మరి రెండు లక్షలు దేనికి?"
సొరుగుల ఏదో వెతికినట్టు చేసిన.

గప్పుడు తన చేతిది ఇప్పిండు.
"ఇదన్న చూడు,
దినాం నాలుగు నిమిషాలు ఎనుకవడుతంది."
చావి ఇచ్చేది. గోదావరిఖనిల
బొగ్గుబాయి దిగిన వాళ్ళ నాయినదట.
అద్దం నిండ గీతలు,
కోళ్ళు గెలికిన దిబ్బ లెక్క.

మూత తీసిన.
లోపలి దిక్కు సూదికొనతోని గీకిన అంకెలు:
ఎనభై ఏడు. తొంభై నాలుగు. రెండువేల మూడు.
ప్రతి అంకె పక్కన చిన్న 'ఓ'.

ఓదేలు. మా నాయిన.
బాగుచేసినప్పుడల్లా గుర్తు పెట్టేటోడు,
మళ్ళ తెరిచేటోనికి ఎరుక కావాలెనని.

తుడిచిన, నూనె చుక్క పెట్టిన,
ముల్లు కుదిర్చిన,
నాయిన అంకెల కింద ఈ ఏడు గీకిన.
నూటయాభై వద్దంటే వినలే.
"ఇదన్న నేను కట్టగలిగేది" అన్నడు.

నల్లదాన్ని మళ్ళ దస్తీల కడుతుంటే
అలవాటు కొద్ది దాని మూత లోపల చూసిన.
చెరువు నీళ్ళంత నున్నగ.
సూది పెట్టిన. జారింది.

హుజూరాబాద్ మీద పోయే ఆఖరి బస్సు
తొమ్మిదింటికి అన్నడు.
చేతిది చూసుకున్నడు, దస్తీ విప్పి అది సుత చూసిండు.
రెండూ ఒక్కటే చెప్పినయి.
లేచి ఉరికిండు.