గుండు, బద్ద, నూక

కాశీబుగ్గలో స్టాంపు పేపర్లు అమ్మే కొట్టు ముందు
ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు నన్ను.
కాంట్రాక్టరు దుంపల శేషగిరి
ఇంకు డబ్బా మూత తీసి
"బేగి యెయ్యమ్మా వేలిముద్ర,
మంచి గడియ ఎలిపోతంది" అన్నాడు.

నా బొటనవేలికి గీతలు లేవు.
ఇరవయ్యొక్క ఏళ్ళు జీడిపిక్క కొట్టిన చేతులు,
సొన తిన్నంత తిని నున్నటి తోలు మిగిల్చింది.
రేషను మిషను నెలకోసారి
నువ్వెవరని అడుగుతుంది నన్ను.
అందుకే సంతకం నేర్చుకున్నాను.
మా చిన్నది తన పలక మీదే దిద్దించింది,
కర్ని లోలాక్షి అని.
'క్షి' దగ్గర చెయ్యి ఇప్పటికీ తడబడుతుంది.

"సంతకమే పెడతాను. ముందు చదువుకుంటాను."
"నాలుగు కాయితాలు, ఏటుందమ్మా సదవడానికి?
అందరికీ ఇదే."

అందరికీ ఇదే.
మా వీధి చివర కామేశు కూడా ఇదే పెట్టాడు.
లింటల్ దగ్గర ఆగిపోయిన గోడలు
మూడు వానాకాలాలు తాగాయి.
పైకి లేచిన చువ్వలకు తాడు కట్టి
వాళ్ళావిడ బట్టలారేస్తోంది.

ఇప్పుడు నేను గ్రేడింగు బల్ల దగ్గర కూర్చుంటాను.
చదువు అంతంతమాత్రం గానీ, ఏరడం వచ్చు.
గుండు ఇటు, బద్ద అటు, నూక కిందికి,
పురుగు తొలిచింది వేరే చేటలోకి.
అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను.

'రెండు గదులు, వంటిల్లు, పైన స్లాబు.'
గుండు.
'మంచి రకం సిమెంటు, మంచి రకం ఇనుము.'
మంచి అంటే ఏ మంచి? పేరు లేదు, సైజు లేదు.
మా సేటు కూడా మంచి కూలీ ఇస్తాననే అంటాడు.
బద్ద.
'ధరలు పెరిగిన యెడల తేడా యజమాని భరించవలెను.'
తగ్గిన యెడల?
ఆ యెడల గురించి పేపరు నోరు విప్పదు.

'పునాదికి ముందు సగం సొమ్ము.'
తిత్లీ రాత్రి రేకులెగిరిపోతే
మంచం కింద పిల్లను పొదువుకుని పడుకున్నప్పటి నుంచి
చీటీలు కట్టి, పీఎఫ్ తీసి, గొలుసు బ్యాంకులో పెట్టి
చేర్చిన సొమ్ములో సగం,
ఒక్క గునపం దెబ్బ పడకముందే ఆయన సంచిలోకి.

'అదనపు పనులు విడిగా.'
మెట్లు అదనమట. మరుగుదొడ్డి గుంట అదనమట.
"మరి స్లాబు మీదికి ఎలా ఎక్కుతాను బాబూ?"
"నిచ్చెనేసుకో" అని
కొట్టాయన వైపు చూసి నవ్వాడు.
నేనూ నవ్వాను, వేలు మాత్రం ఆ లైను మీంచి తీయకుండా.

'తగు సమయంలో పూర్తి చేయబడును.'
తగు సమయం ఏ కేలండర్లో ఉంటుందో!
'తగాదా వచ్చిన యెడల విశాఖపట్నం కోర్టు.'
సోంపేటలో కోర్టుంది, టెక్కలిలో కోర్టుంది.
నా తగాదా మాత్రం రైలెక్కాలట,
రోజు కూలీ పోగొట్టుకుని.

మూడో పేజీ తిప్పాను.
ఖాళీ.
కింద నా సంతకానికి మాత్రం గీత.
"అది తరవాత నింపుకుందాం లెమ్మా."
తెలుసు నాకు ఈ రకం.
పైకి నిండుగా ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే బరువుండదు,
కొడితే గాలి.

"ఎవుర్నీ నమ్మవేటమ్మా?"
"నమ్ముతాను బాబూ.
నీ మాట మీద నీకు నమ్మకముంటే
రాసీడానికేటి?"

గడియ వెళ్ళిపోయింది. వెళ్ళనీ.
కాగితాలు టిఫిను డబ్బా కింద పెట్టుకుని షిఫ్టుకి పోయాను.
ఆ రాత్రి గాలికి టార్పాలిను కొట్టుకుంటూనే ఉంది,
పిల్ల రెండుసార్లు లేచింది,
పెట్టేస్తే పోయేదేమో అని నేనూ ఓసారి అనుకున్నాను.

నాలుగో రోజు మళ్ళీ వచ్చాడు శేషగిరి.
మూడో పేజీ నిండింది.
మెట్లు పదమూడు అని రాశాడు, ఇనుము పేరు రాశాడు,
సొమ్ము ఐదు విడతలు చేశాడు.
తేదీ మాత్రం ఇంకా లేదు.

కూర్చో బాబూ, టీ తాగు, అన్నాను.
చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నాను.