ఈసారి మార్కులు మేం వేశాం

లిలాంగ్వేలో అక్టోబరు.
కార్లు ఆపేచోట జకరండా పూలు చితికి నేలంతా ఊదారంగు.
ఆర్థికశాఖ మూడో అంతస్తు, లిఫ్టు పనిచెయ్యదు.
దాతలు మెట్లెక్కి వస్తారు, ఆయాసపడుతూ.
మాకంటే ముందు వాళ్ళకి ఊపిరందని చోటు
ఈ దేశంలో అదొక్కటే.

పదకొండేళ్ళుగా ఈ సమీక్షకి కుర్చీలు వేయించేది నేనే.
మసోజి న్యిరొంగో, సహాయ సమన్వయ విభాగం, రెండో శ్రేణి అధికారిని.
ఎవరి జెండా ఎవరి పక్కన ఉండకూడదో,
ఎవరికి గ్యాసు లేని నీళ్ళు కావాలో నాకు తెలుసు.
ఒకసారి మా మంత్రి పేరే తప్పు అచ్చేయించాను.
ఆయన నవ్వి ఊరుకున్నాడు.
ఆయనొచ్చి అప్పటికి వారమే.

దానంగా వచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టకూడదంటారు.
ఇక్కడ ఆవుని తోలుకొచ్చినవాళ్ళే
ఏటా మా పళ్ళు లెక్కపెడతారు.
నోరు తెరిచి కూచుంటాం.
లక్ష్యం, సూచిక, గడువు, బాధ్యులు.
బాధ్యుల గడిలో ఎప్పుడూ 'ప్రభుత్వం'.
వాళ్ళ గడిలో 'పరిశీలిస్తాం'.

ఈసారి మాత్రం
మా డైరెక్టరు చికుంబుత్సో గారు కొత్త కాగితం తయారుచెయ్యమన్నారు.
దాతల పనితీరు, పదికి ఇన్ని మార్కులు.
రాత్రి కరెంటు పోయాక కొవ్వొత్తి పెట్టుకుని వేశాను.

చెప్పిన రోజుకి డబ్బు పంపడం: మూడు.
ఎరువుల సొమ్ము జనవరి నెలాఖరుకి వచ్చింది.
అప్పటికి మొక్కజొన్న మోకాలెత్తు, ఆకులు పసుపు.
వాళ్ళ చేతికి ఎముక లేదు, నిజమే.
క్యాలెండరూ లేదు.

అందరూ ఒకే లెక్కని ఒప్పుకోవడం: రెండు.
సరస్సు ఒడ్డు ఆసుపత్రిలో నర్సు తియామికే
ఒకే పిల్లాడి ఒకే జ్వరాన్ని
ఐదు రిజిస్టర్లలో రాస్తుంది.
ఒకదాంట్లో వయసు నెలల్లో, ఇంకోదాంట్లో ఏళ్ళల్లో,
మరోదాంట్లో వాడు పిల్లాడే కాదు, లబ్ధిదారుడు.
ఐదోది పూర్తయ్యేసరికి
వాడి తల్లి ఎక్కాల్సిన పడవ వెళ్ళిపోయింది.

పర్యటన బృందాల్ని తగ్గించుకోవడం: సున్నా.
దాన్ని ఒకటి చేద్దామా అని చాలాసేపు ఆలోచించాను.
కొవ్వొత్తి అయిపోయింది.
సున్నా అలాగే ఉండిపోయింది.

హాల్లో కాగితాలు తిప్పిన చప్పుడు.
బల్లమీద సీసాల్లో నీళ్ళు,
అందరూ వాటినే నములుతున్నారు.
ఒకాయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని
"ఇది భాగస్వామ్య స్ఫూర్తికి..." అని ఆగాడు.
మిగతా మాట ఆయనకీ దొరకలేదు.

అప్పుడు చివరి కుర్చీలోంచి, కొత్తగా వచ్చినామె, సోల్వెగ్,
"మూడు ఎక్కువే" అంది.
"ఆ ఆలస్యం మా ఆఫీసులో జరిగింది.
పెట్టాల్సిన సంతకం సెలవు మీద వెళ్ళింది."
ఎవరూ నవ్వలేదు.
నాకు మాత్రం ఆ సంతకం
ఏదో సముద్రం ఒడ్డున ఇసకలో వెల్లకిలా పడుకుని కనబడింది.
వెంటనే మా అక్క పొలం కనబడింది.

మధ్యాహ్నం భోజనాలు. న్సిమా చేత్తో తినడం నేర్చుకున్నారు వాళ్ళు.
బాగానే తింటారు.

సాయంత్రానికి ముసాయిదా తిరిగొచ్చింది.
'మార్కులు' కొట్టేసి 'పరిశీలనలు'.
'ఆలస్యం' కొట్టేసి 'క్రమబద్ధీకరణకు అవకాశం'.
సోల్వెగ్ మాట ఎక్కడా లేదు.
కొట్టేసింది వాళ్ళు కాదు.
ఆ ఎర్రసిరా, ఆ వంకర గీత, మా డైరెక్టరు గారివి.
వచ్చే ఏడాది మందుల డబ్బు
ఆ బల్లకి అవతలే కూచుని ఉంది కదా,
ఆయన్ని ఏమనను?

మినిట్స్ నేనే టైపు చేశాను.
'సమావేశం స్నేహపూర్వక వాతావరణంలో ముగిసింది.'
అది అబద్ధం కూడా కాదు.

బస్సులో ఉండగా తియామికే ఫోను.
"అక్కా, వచ్చే ఏడు రిజిస్టర్లు ఎన్ని?"
"ఆరు."
"ఆరోది దేనికి?"
"మిగతా ఐదూ సరిగ్గా రాస్తున్నావో లేదో రాయడానికి."

నవ్విందో, గాలి చప్పుడో.
సున్నా ఉన్న కాగితం నా సంచిలోనే ఉంది,
నాలుగు మడతలు పెట్టి,
టమాటాల కింద.