నేడు

నరసన్నపేట తపాలా ఆఫీసు అరుగు మీద
సిరాబుడ్డి పెట్టుకుని కూర్చుంటాడు.
కార్డుకి అణా, మనియార్డరు ఫారానికి రెండు.
మొదటి వారం ఎవరు అణా చాపినా
వేలితో తాకి వదిలేసేవాడు,
దర్బారులో నజరానా తాకినట్టు.
మూడు రోజులు టీ నీళ్లయినా లేవు.
స్టాంపుల కిటికీలోంచి నేనే చెప్పాను:
"బాబుగారూ, పిడికిలి మూయాలి."

ఇప్పుడు మూస్తున్నాడు.
చెప్పులు మాత్రం ఇంకా ఎవరో తెచ్చి పెడతారన్నట్టు
సాయంత్రం మెట్టు మీద కాసేపు నిలబడతాడు.

ఆ బుధవారం దాలమ్మ
చింతపండు తట్ట దించింది.
పెనిమిటి కూర్మయ్య బకాయి శిస్తుకి జడిసి
పదకొండేళ్ల కిందట తిలారులో రైలెక్కేశాడు.
ఖరగ్‌పూర్‌లో ఉన్నాడని కబురు.
"రాయి బాబూ. ఇక్కడిప్పుడు రాజు నేడు,
సిస్తు నేదు. బెదిరిపోకండా ఒచ్చీమను."

కలం ఆగింది.
ఉంగరం పోయిన వేలికి తెల్లటి చార.
ఆమె నేడు అంది.
ఈయన లేడు అని రాశాడు,
ఏత్వం కాస్త పొడుగ్గా లాగి.

"సదువు బాబూ."
చదివాడు, గొంతు తగ్గించకుండా,
వరసలో ఉన్న ఆరుగురూ వినేలా.
"మల్లీ సదువు."
మళ్లీ చదివాడు.

అణా తీసుకున్నాడు.
కార్డు డబ్బాలో పడ్డ చప్పుడయ్యేదాకా ఆమె కదల్లేదు.

ముద్ర కొట్టబోతూ చూశాను.
అడుగున, ఆమె చెప్పని ముక్క:
పాత పుస్తకంలో నీ పద్దు
నా చేత్తో కొట్టేశాను.
సంతకం లేదు.

ముద్ర కొంచెం పక్కకి కొట్టాను.